చేపల తొట్టికి సొంత కంట్రోలర్: అది పాడైతే ఏమవుతుందో ముందు తేల్చుకోవాలి

ఇంట్లో అక్వేరియం ఉండి, ఎలక్ట్రానిక్స్ మీద కాస్త ఇష్టం కూడా ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు సొంతంగా కంట్రోలర్ తయారు చేసుకోవాలన్న ఆలోచన రాక మానదు. హీటరు, ఫిల్టరు, లైటు ఎటూ ఉంటాయి. మొక్కలు పెంచే తొట్టి అయితే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ఉప్పునీటి తొట్టి అయితే ఆవిరైపోయిన నీళ్లను మళ్లీ నింపే చిన్న పంపు వచ్చి చేరతాయి. వీటన్నిటినీ ఒక బోర్డుకి కలిపి, వేళకి ఆన్ చేసి, వేళకి ఆపి, నీళ్ల వేడి ఎంతుందో ఫోన్‌లో చూసుకోవడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. 2005లో ఇటలీలో ఆర్డుయినో అనే చిన్న బోర్డు మొదలయ్యాక మైక్రోకంట్రోలర్లు (పరికరాలని నడిపే చిన్న కంప్యూటర్ చిప్పులు) ఇంజనీర్ల చేతుల్లోంచి మామూలు మనుషుల చేతుల్లోకి వచ్చాయి. 2014లో ఈఎస్‌పీ8266, 2016లో ఈఎస్‌పీ32 వచ్చాక వైఫై కూడా అదే చిప్పులో దొరుకుతోంది. సెన్సర్లు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) బోర్డులు రెడీమేడ్‌గా ఉన్నాయి, కోడ్ కూడా సగం రాసిపెట్టే ఉంటుంది.

అసలు కష్టం వేరే చోట ఉంది. కంట్రోలర్ లేని తొట్టిలో ఏ పరికరం దారి దానిదే. టైమర్ చెడిపోతే లైటు వెలగదు, అంతే. ఫిల్టరుకి దానితో పనిలేదు. కంట్రోలర్ పెట్టిన రోజున ఆ పరికరాలన్నీ ఒకే బోర్డు మీద, ఒకే అడాప్టరు మీద, ఒకే ప్రోగ్రాం మీద ఆధారపడతాయి. చేపలకి సౌకర్యం కోసం పెట్టిన వస్తువు వాటికి కొత్త ప్రమాదం కూడా తెచ్చిపెడుతుంది. అందుకే కంట్రోలర్ డిజైన్‌ని "ఇది ఏమేం చేయాలి" అన్న ప్రశ్నతో కాకుండా, "ఇది పాడైతే ఏ పరికరం ఏ స్థితిలో ఉండిపోవాలి" అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఆ ప్రశ్నకి జవాబు దొరికితే మిగతా వైరింగూ కోడూ చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

పాడవడం అన్నా ఒక రకం కాదు. కంట్రోలర్‌కి కరెంటు పోవడం ఒకటి: అడాప్టరు కాలిపోతుంది, వైరు వదులవుతుంది. అప్పుడు రిలేల కాయిల్స్‌కి కరెంటు అందక, అవన్నీ వాటి సహజ స్థితికి వచ్చేస్తాయి. రెండోది, ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోవడం. ఇది మొదటిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే రిలేలు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోతాయి. హీటరు ఆన్‌లో ఉన్నప్పుడు ఇరుక్కుంటే హీటరు ఆన్‌లోనే ఉంటుంది. మూడోది అన్నిటికన్నా మోసకారిది: ప్రోగ్రాం చక్కగా నడుస్తూనే ఉంటుంది, కానీ తప్పు సమాచారాన్ని నమ్ముతుంది. స్క్రీన్ వెలుగుతుంటుంది, అంకెలు మారుతుంటాయి, తొట్టిలో మాత్రం జరగకూడనిది జరుగుతుంటుంది.

రెండో రకానికి మందు చిప్పులోనే ఉంది. దాన్ని వాచ్‌డాగ్ టైమర్ అంటారు. ప్రోగ్రాం క్రమం తప్పకుండా ఈ టైమర్‌ని మొదటికి తిప్పుతూ ఉండాలి. తిప్పకపోతే, ప్రోగ్రాం ఇరుక్కుందని లెక్కేసి చిప్పు తనను తాను రీసెట్ చేసుకుంటుంది. ఆర్డుయినో ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్పులో ఈ గడువు గరిష్ఠంగా 8 సెకన్లు. అయితే ఈ తిప్పే పనిని టైమర్ ఇంటరప్ట్‌లో (ప్రధాన ప్రోగ్రాం ఏం చేస్తున్నా వేళకి దానంతటది నడిచే చిన్న కోడ్‌లో) పెడితే వాచ్‌డాగ్ ఉన్నా లేనట్టే. అసలు ప్రోగ్రాం ఎక్కడో ఆగిపోయినా ఇంటరప్ట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి, అంతా బాగానే ఉందని చిప్పు అనుకుంటుంది. ఈ పనిని మళ్లీ మళ్లీ తిరిగే ప్రధాన లూప్‌లో, సెన్సర్ చదవడం, నిర్ణయం తీసుకోవడం రెండూ పూర్తయిన తర్వాతే చేయాలి.

హీటరు దగ్గర ఆగి చూడాలి

తొట్టిలో చేపల్ని త్వరగా చంపగలిగినవాటిలో హీటరుది ముందు వరుస. కాబట్టి దాని లెక్క ముందు చూద్దాం. ఒక లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,186 జౌళ్ల శక్తి కావాలి. 100 లీటర్ల తొట్టికి అది 4,18,600 జౌళ్లు. 100 వాట్ల హీటరు సెకనుకి 100 జౌళ్లు ఇస్తుంది. అంటే బయటికి పోయే వేడిని పక్కన పెట్టినా, ఒక్క డిగ్రీ పెరగడానికి దాదాపు 70 నిమిషాలు పడుతుంది.

ఈ ఒక్క అంకె నుంచి చాలా సంగతులు తేలతాయి. తొట్టి నీళ్లు ఇంత నిదానంగా వేడెక్కుతాయి కాబట్టి తేడాని నిరంతరం లెక్కగట్టి వేడిని సర్దే పీఐడీ లాంటి బరువైన కంట్రోల్ పద్ధతులు ఇక్కడ అక్కర్లేదు. నేర్చుకోవడానికి రాసుకుంటే మంచిదే గానీ, చేపలకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. 25.7 డిగ్రీల కిందికి దిగితే ఆన్, 26.2 దాటితే ఆఫ్ అని మధ్యలో కొంత ఎడం వదిలితే చాలు. ఆ ఎడం మాత్రం తప్పకుండా ఉండాలి. అది లేకుండా సరిగ్గా 26 దగ్గర ఆన్, 26 దగ్గర ఆఫ్ అని రాస్తే, సెన్సర్ చివరి అంకె అటూ ఇటూ ఊగినప్పుడల్లా రిలే కొట్టుకుంటుంది. ఈ బోర్డుల మీద ఉండే చిన్న రిలేలకి పూర్తి లోడు మీద ఆయుష్షు సుమారు లక్ష సార్లని చెబుతారు. సెకనుకోసారి కొట్టుకుంటే ఆ లక్ష 28 గంటల్లో అయిపోతుంది.

అదే అంకె ఇంకో ముఖ్యమైన సంగతీ చెబుతుంది. హీటరు రాత్రంతా, ఒక 8 గంటలు, ఆన్‌లోనే ఉండిపోయిందనుకుందాం. 100 లీటర్లలో 100 వాట్ల హీటరు అయితే లెక్క ప్రకారం ఆరేడు డిగ్రీలు పెరగాలి. నిజానికి నీళ్లు వేడెక్కేకొద్దీ గదిలోకి పోయే వేడి కూడా ఎక్కువవుతుంది కాబట్టి అంతకన్నా తక్కువే పెరుగుతుంది. చేపలకి అది కష్టకాలమే, కానీ చాలా రకాలు తట్టుకుని బయటపడే అవకాశం ఉంటుంది. అదే తొట్టిలో 300 వాట్ల హీటరు ఉంటే డిగ్రీకి 23 నిమిషాలే పడుతుంది. తెల్లారేసరికి ఏదీ మిగలదు. కాబట్టి హీటరు వాట్లే మొదటి రక్షణ. పెద్ద హీటరు ఒకటి పెట్టే బదులు చిన్నవి రెండు పెట్టి, రెండు వేర్వేరు రిలేలకి ఇస్తే ఇంకా మంచిది. ఒకటి ఆన్‌లో ఇరుక్కున్నా తొట్టి ఉడికిపోదు, ఒకటి చచ్చిపోయినా తొట్టి చల్లబడిపోదు.

వేడి పెరిగితే చేపకి వచ్చే ఇబ్బంది వేడి ఒక్కటే కాదు. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీల దగ్గర అది 7.6కి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. అవసరం పెరుగుతుంటే సరఫరా తగ్గుతుంది. అందువల్ల ఉష్ణోగ్రత హద్దు దాటినప్పుడు కంట్రోలర్ హీటరు ఆపడంతో సరిపెట్టకుండా ఎయిర్ పంపుని కూడా ఆన్ చేయాలి. కోడ్‌లో అది ఒక్క లైను పని.

ఇక సెన్సర్ సంగతి. సొంత కంట్రోలర్లలో దాదాపు అందరూ వాడేది డీఎస్18బీ20. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య దీని కచ్చితత్వం సగం డిగ్రీ అటూ ఇటూ. మూడు వైర్లు, డేటా వైరుకి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, అంతే. అక్వేరియానికి ఇది సరిపోతుంది. స్క్రీన్ మీద 26.06 అని దశాంశాలు కనిపిస్తున్నాయి కదా అని వాటిని నమ్మకూడదు. దీనికి అంత సన్నగా చదివే శక్తి ఉంది గానీ అంత కచ్చితత్వం లేదు. మంచి థర్మామీటర్‌తో ఒకసారి పోల్చి, తేడా ఎంతుందో చూసి కోడ్‌లో కలుపుకోవాలి.

పాడవడంలో మూడో రకం చెప్పుకున్నాం కదా, తప్పు సమాచారాన్ని నమ్మడం. దానికి మంచి ఉదాహరణ ఈ సెన్సరే. సెన్సర్ వైరు ఊడిపోతే, అందరూ వాడే ఆర్డుయినో లైబ్రరీ ఆ సంగతి చెప్పడానికి మైనస్ 127 అనే అంకె పంపుతుంది. చాలామంది మొదట రాసుకునే కోడ్ ఇలా ఉంటుంది: "ఉష్ణోగ్రత 25.7 కన్నా తక్కువైతే హీటరు ఆన్." మైనస్ 127 అనేది 25.7 కన్నా తక్కువే. కాబట్టి వైరు ఊడిన క్షణం నుంచి హీటరు ఆన్ అవుతుంది, ఇక ఎప్పటికీ ఆగదు. ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదు, చెప్పింది చెప్పినట్టే చేస్తోంది. తొట్టి శుభ్రం చేసేటప్పుడు చెయ్యి తగిలి ఊడిన ఒక వైరు చాలు తొట్టి మొత్తాన్ని ఉడికించేయడానికి. దీనికి ఎదురుగా ఇంకో అంకె ఉంది, 85. చిప్పుకి కరెంటు అప్పుడే వచ్చి, ఇంకా కొలత పూర్తికాక ముందు చదివితే 85 డిగ్రీలని చెబుతుంది. పూర్తి స్థాయి కొలతకి ఈ చిప్పుకి 750 మిల్లీసెకన్ల వరకు పడుతుంది, అంతవరకు ఆగాలి. 85 వల్ల హీటరు ఆగిపోతుంది కాబట్టి ప్రమాదం తక్కువే, కానీ అది మళ్లీ మళ్లీ వస్తోందంటే సెన్సర్‌కి కరెంటు సరిగ్గా అందడం లేదని అర్థం.

అందుకని ఏ రీడింగ్‌నైనా నమ్మే ముందు రెండు ప్రశ్నలు వేయాలి. ఇది తొట్టిలో ఉండదగిన అంకేనా? 15కి 35కి మధ్య లేకపోతే పక్కన పెట్టాలి. ఇంత వేగంగా మారడం సాధ్యమేనా? 100 వాట్ల హీటరు 70 నిమిషాలు తీసుకునే డిగ్రీ, పది సెకన్లలో మారిందంటే అది నీళ్ల వేడి కాదు. వరసగా నాలుగైదు రీడింగులు ఇలా తప్పితే హీటరు ఆపేసి, బజర్ మోగించాలి. ఇక్కడ ఆపడమే ఎందుకంటే, నీళ్లు చల్లబడటానికి గంటలు పడుతుంది, ఈలోగా ఎవరో ఒకరు చూస్తారు. నీళ్లు మార్చేటప్పుడు సెన్సర్ గాలిలోకి వస్తుంది కాబట్టి ఆ సమయానికి ఒక మెయింటెనెన్స్ బటన్ ఉండాలి. హీటరు నీళ్లలో మునిగి లేనప్పుడు వెలగకుండా చూసే పని కూడా అదే బటన్ చేస్తుంది.

రెండో సెన్సర్ పెట్టుకుంటే ధీమా ఇంకా పెరుగుతుంది. రెండిటి మధ్య ఒక డిగ్రీ కన్నా తేడా వస్తే వాటిలో ఏది తప్పో తెలియదు, కానీ ఏదో తప్పుందని మాత్రం తెలుస్తుంది. అలారం కొట్టడానికి ఆ మాత్రం చాలు.

వీటన్నిటి వెనకా హీటరు సొంత థర్మోస్టాట్ ఉండనే ఉంది. కంట్రోలర్ వచ్చింది కదా అని దాన్ని తీసేయడం గానీ, చివరికంటా తిప్పేసి వదిలేయడం గానీ చేయకూడదు. కంట్రోలర్ హద్దు 26 అయితే, హీటరు మీద 28 పెట్టాలి. కరెంటు రెండు స్విచ్చులూ దాటి వెళ్లాలి కాబట్టి, రెండూ ఒకేసారి ఆన్‌లో ఇరుక్కుంటే తప్ప నీళ్లు 28 దాటవు. హీటర్ల థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోవడం అక్వేరియం పెంచేవాళ్లకి పాత భయమే. చాలామంది కంట్రోలర్ కట్టుకోవడానికి మొదటి కారణం కూడా అదే. ఇప్పుడు అదే థర్మోస్టాట్ కంట్రోలర్‌కి కాపలా కాస్తుంది.

రిలే ఏ వైపు

రిలేలో మూడు టెర్మినళ్లు ఉంటాయి: కామన్, నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్. కాయిల్‌లో కరెంటు లేనప్పుడు కామన్‌కి తగిలి ఉండేది నార్మల్లీ క్లోజ్డ్, కరెంటు వచ్చినప్పుడు తగిలేది నార్మల్లీ ఓపెన్. చాలా సర్క్యూట్ బొమ్మల్లో అన్ని పరికరాలనీ నార్మల్లీ ఓపెన్‌కి ఇస్తారు, చూడ్డానికి ఒకేలా ఉంటుంది కాబట్టి. తొట్టి విషయంలో అది పొరపాటు.

ఫిల్టరు పంపు ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. నీళ్లు ఆగిపోతే, చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాని తొలగిస్తూ ఫిల్టరులో ఉండే బాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. మూసి ఉన్న కానిస్టర్ ఫిల్టరులో కొన్ని గంటల్లోనే అవి చావడం మొదలవుతుంది, ఆ తర్వాత అమ్మోనియా సమస్య. కాబట్టి ఫిల్టరుని నార్మల్లీ క్లోజ్డ్‌కి ఇవ్వాలి. కంట్రోలర్ చచ్చినా ఫిల్టరు తిరుగుతుంది. మేత వేసేటప్పుడు పది నిమిషాలు ఆపాలంటే, ఆ పది నిమిషాలే రిలేకి కరెంటు ఇవ్వాలి. హీటరు నార్మల్లీ ఓపెన్ వైపు ఉండాలి. లైటు ఎటున్నా ఫరవాలేదు. కార్బన్ డయాక్సైడ్ వాల్వు కరెంటు లేనప్పుడు మూసుకుపోయే రకమే అయి ఉండాలి.

ఇక్కడే రెండు చిన్న చిక్కులున్నాయి. మార్కెట్‌లో దొరికే రిలే బోర్డుల్లో చాలావరకు పిన్ 'లో' (తక్కువ వోల్టేజి) స్థితికి వచ్చినప్పుడు ఆన్ అవుతాయి. ఆర్డుయినోలో ఒక పిన్‌ని ఔట్‌పుట్ అని ప్రకటించగానే అది 'లో' స్థితిలో మొదలవుతుంది, అంటే రిలే ఒక్కసారి టక్కుమంటుంది. బోర్డు రీసెట్ అయినప్పుడల్లా అన్ని పరికరాలకీ ఒక కుదుపు. ముందు పిన్‌కి 'హై' (ఎక్కువ వోల్టేజి) అని రాసి, ఆ తర్వాతే ఔట్‌పుట్ అని ప్రకటిస్తే ఈ గొడవ ఉండదు. రెండోది కరెంటు లెక్క. 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ ఒక్కోటి సుమారు 70 మిల్లీఆంపులు లాగుతుంది. ఎనిమిది రిలేలు ఒకేసారి పడితే అర ఆంపు దాటుతుంది. ఆ కరెంటుని కంట్రోలర్ బోర్డు నుంచే తీసుకుంటే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. కారణం తెలియకుండా అప్పుడప్పుడు రీసెట్ అయ్యే కంట్రోలర్లలో ముందు చూడవలసింది ఇదే. రిలేలకి వేరే సప్లై ఇవ్వాలి.

శబ్దం రాదని, అరిగిపోదని కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలేల వైపు మొగ్గేవాళ్లున్నారు. అవి పాడైతే ఎక్కువగా షార్ట్ అయ్యే, అంటే ఆన్‌లోనే ఉండిపోయే పాడవుతాయి. లైటుకి వాడుకోవచ్చు. హీటరుకి వాడితే సొంత థర్మోస్టాట్ ఉన్న హీటరే అయి ఉండాలి. మామూలు రిలే కాంటాక్టులు కూడా అతుక్కుపోవచ్చు. అందుకే కంట్రోలర్ తన ఆజ్ఞ అమలైందో లేదో గమనించాలి. హీటరు ఆపమని చెప్పి అరగంటైనా వేడి ఇంకా పెరుగుతూనే ఉంటే, రిలే మాట వినడం లేదని అర్థం.

లైటు గురించి చెప్పవలసింది తక్కువ. తప్పు జరిగినా నాచు పెరగడం తప్ప పెద్ద నష్టం ఉండదు. ఎల్‌ఈడీలని పీడబ్ల్యూఎంతో (కరెంటుని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వెలుగుని సర్దే పద్ధతితో) నెమ్మదిగా వెలిగించి, నెమ్మదిగా ఆర్పితే చేపలు బెదరవు. గడియారానికి డీఎస్3231 చిప్పు వాడితే చాలు, ఏడాదికి దాదాపు ఒక నిమిషానికి మించి తప్పదు. టైమింగ్‌కి సంబంధించి ఒక్క ఉచ్చు మాత్రం గుర్తుంచుకోవాలి. ఆర్డుయినోలో మిల్లీసెకన్ల లెక్క 32 బిట్ల అంకె. అది 49.7 రోజులకి నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. "ఇప్పటి సమయం ఫలానా సమయం దాటిందా" అని పోల్చే కోడ్ ఆ రోజున తప్పుతుంది. "ఇప్పటి సమయంలోంచి మొదలుపెట్టిన సమయం తీసేస్తే ఎంత" అని రాస్తే ఎప్పటికీ తప్పదు. నెలన్నర బాగా నడిచి, ఎవరూ ముట్టుకోకుండానే చెడిపోయిన కంట్రోలర్‌లో ఈ లైనుని ముందుగా వెతకాలి.

నీళ్లు నింపే పంపు

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకని ఉప్పునీటి తొట్టిలో మట్టం తగ్గేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది, మంచినీళ్లు కలుపుతూ ఉండాలి. నీటి మట్టంతో పాటు తేలే ఫ్లోట్ స్విచ్ కిందికి దిగితే పంపు ఆన్, పైకి లేస్తే ఆఫ్. చూడటానికి ఇంత సులువైన పని మొత్తం కంట్రోలర్‌లో ఇంకోటి లేదు. ఇల్లు తడిసిపోయేది కూడా దీనివల్లే.

ఫ్లోట్ మీద ఉప్పు పేరుకున్నా, ఒక నత్త ఎక్కి కూర్చున్నా అది లేవదు. పంపు ఆగదు. 100 లీటర్ల తొట్టిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు ఉందనుకుంటే, 20 లీటర్ల మంచినీళ్లు అదనంగా పడితే అది 29కి దిగుతుంది. పగడాలకి, రొయ్యలకి అది పెద్ద దెబ్బ. నీళ్లు పొంగి నేల మీద పడితే ఆ పోయే నీళ్లతో ఉప్పు కూడా పోతుంది.

దీనికి మొదటి రక్షణ కోడ్‌లో కాదు, డ్రమ్ములో ఉంది. నింపే నీళ్ల డ్రమ్ము ఎంత చిన్నదైతే అంత మంచిది. అందులో ఉన్నదంతా ఒకేసారి తొట్టిలో పడినా పొంగకూడదు, ఉప్పు మరీ పలచబడకూడదు. పని భారం కాస్త పెరుగుతుంది, రెండు మూడు రోజులకోసారి డ్రమ్ము నింపుకోవాలి. ఆ భారం పెట్టుకోవడమే మంచిది. రెండో రక్షణ, పైన ఇంకో ఫ్లోట్. దాన్ని బోర్డుకి కాకుండా నేరుగా పంపు కరెంటు దారిలోనే పెడితే, ప్రోగ్రాం ఏ స్థితిలో ఉన్నా పంపు ఆగుతుంది. పంపు 12 వోల్టుల డీసీదైతే ఈ వైరింగ్‌లో ప్రమాదం కూడా ఉండదు. అయితే ఫ్లోట్ స్విచ్ తట్టుకోగల కరెంటు పంపు లాగేదానికన్నా ఎక్కువుండాలి, లేకపోతే మధ్యలో ఒక చిన్న రిలే పెట్టాలి.

మూడోది గడువు. రోజుకి రెండు లీటర్లు ఆవిరవుతాయి, పంపు నిమిషానికి లీటరు తోడుతుంది అనుకుంటే, పంపు ఏకబిగిన మూడు నిమిషాలు తిరగవలసిన పరిస్థితే రాకూడదు. వస్తే ఆపి, అలారం కొట్టి, మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా మళ్లీ మొదలుపెట్టకూడదు. ఈ "ఆపేశాను" అన్న సంగతిని ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాసుకోవాలి. మామూలు వేరియబుల్‌లో ఉంచితే, ఈలోగా కరెంటు పోయి వచ్చినా, వాచ్‌డాగ్ రీసెట్ చేసినా కంట్రోలర్ అంతా మర్చిపోయి మళ్లీ మూడు నిమిషాలు తోడుతుంది. అలా ఎన్నిసార్లు రీసెట్ అయితే అన్నిసార్లు. పైపు చివర నీళ్లలో మునిగి ఉంటే పంపు ఆగాక కూడా సైఫన్ పని చేసి తొట్టి నీళ్లు అదే పైపులోంచి వెనక్కి డ్రమ్ములోకి జారవచ్చు, దాన్ని ఏ కోడూ ఆపలేదు. పైపు చివర ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి.

పీహెచ్‌ని నమ్మి ఎంతవరకు వెళ్లొచ్చు

నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని (పీహెచ్‌ని) కొలిచే పీహెచ్ ప్రోబ్ తగిలించగానే కంట్రోలర్ ఒక ప్రయోగశాల పరికరంలా కనిపిస్తుంది. ఉత్సాహం వచ్చేదీ, దారి తప్పేదీ ఇక్కడే. గాజు ఎలక్ట్రోడ్ ఇచ్చేది చాలా బలహీనమైన సంకేతం: 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ యూనిట్‌కి 59 మిల్లీవోల్టులు. ప్రోబ్ లోపలి రెసిస్టెన్స్ కోట్ల ఓముల్లో ఉంటుంది. కాబట్టి మామూలు బోర్డు పిన్‌కి నేరుగా కలపడానికి కుదరదు, మధ్యలో ప్రత్యేకమైన యాంప్లిఫయర్ కావాలి. పంపు నుంచో హీటరు నుంచో నీళ్లలోకి కొద్దిగా కరెంటు లీకైనా రీడింగు పక్కకి జరుగుతుంది. పంపు ఆపగానే పీహెచ్ మారిపోతుంటే మారింది నీళ్లు కాదు, కొలత. అందుకే ప్రోబ్ సర్క్యూట్‌ని మిగతా బోర్డు నుంచి విడిగా, ఐసొలేటర్ (సంకేతాన్ని పంపుతూ కరెంటు దారిని వేరు చేసే భాగం) ద్వారా కలపాలి. పైగా ప్రోబ్ వయసుతో పాటు జారుతుంది. 7, 4 పీహెచ్ ద్రావణాలతో తరచూ సరిచూసుకోవాలి, ఒకటి రెండేళ్లకి మార్చాలి. పక్కన పెట్టేటప్పుడు పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. డిస్టిల్డ్ నీళ్లలో పెడితే పాడవుతుంది.

మొక్కల తొట్టిలో పీహెచ్‌ని చూసి కార్బన్ డయాక్సైడ్ వాల్వు తెరవడం, మూయడం ఒక ప్రసిద్ధమైన పద్ధతి, ఎందుకంటే ఆ వాయువు కరిగేకొద్దీ పీహెచ్ తగ్గుతుంది. లీటరుకి కార్బన్ డయాక్సైడ్ మిల్లీగ్రాములు తెలియాలంటే, కార్బొనేట్ కాఠిన్యం (నీళ్లలో కరిగిన కార్బొనేట్ల కొలత) డిగ్రీలని 3తో హెచ్చించి, దాన్ని 10 యొక్క 7 మైనస్ పీహెచ్ ఘాతంతో హెచ్చించాలి. కాఠిన్యం 4, పీహెచ్ 6.6 అయితే 30 మిల్లీగ్రాములు వస్తుంది. మొక్కలు పెంచేవాళ్లు సాధారణంగా కోరుకునేది అంతే. ఇప్పుడు ప్రోబ్ 0.3 మేర జారి, అసలు కన్నా ఎక్కువ చూపిస్తోందనుకుందాం. స్క్రీన్ మీద 6.6 ఉన్నప్పుడు తొట్టిలో నిజంగా ఉన్నది 6.3. సూత్రంలో పెట్టి చూస్తే 60 మిల్లీగ్రాములు. సరిగ్గా రెట్టింపు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, కంట్రోలర్ మాత్రం అంతా సవ్యంగా ఉందని చూపిస్తుంటుంది. నీళ్లు మార్చినప్పుడు కాఠిన్యం 4 నుంచి 6కి పెరిగినా ఇంతే, అదే 6.6 దగ్గర 45 మిల్లీగ్రాములు కరిగి ఉంటాయి. పైగా నీళ్లలో ఫాస్ఫేట్లో, చెక్క నుంచి దిగిన టానిన్లో ఉంటే ఈ సూత్రమే సరిగ్గా వర్తించదు.

అందుకని పీహెచ్ ప్రోబ్‌ని కొలిచే పరికరంగా ఉంచి, నడిపించే పరికరంగా వాడకపోవడమే ఉత్తమం. వాల్వుని లైటుతో పాటు గడియారం ప్రకారం తెరవాలి. రోజంతా తెరిచే ఉన్నా చేపలకి ప్రమాదం రానంత సన్నగా గ్యాస్ వచ్చేలా నీడిల్ వాల్వు (గ్యాస్ ధారని సర్దే మర) బిగించాలి. పీహెచ్ మరీ కిందికి పోతే మూసేయడానికి మాత్రం ప్రోబ్‌ని వాడుకోవచ్చు, ఎందుకంటే ఆ నిర్ణయం తప్పైనా చేపలకి హాని లేదు. హీటరు వాట్లు, డ్రమ్ము సైజు, ఇప్పుడు ఈ నీడిల్ వాల్వు, మూడింటిలోనూ హద్దు కోడ్‌లో కాకుండా వస్తువులోనే ఉంది. మందుని కొద్దికొద్దిగా తొట్టిలో వేసే డోసింగ్ పంపులకీ ఇదే వర్తిస్తుంది, సీసాలో వారానికి సరిపడా మందే పోస్తే చాలు.

మనుషుల సంగతి

ఇప్పటిదాకా చేపల గురించే. నీళ్లలో చెయ్యి పెట్టేది మనిషి. 30 మిల్లీఆంపుల లీకేజికే ట్రిప్ అయ్యే రక్షణ స్విచ్ లేకుండా ఇంటి కరెంటుని తొట్టి దగ్గరికి తేకూడదు. కంట్రోలర్ సొంతంగా కట్టింది కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ప్లగ్గులోకి వెళ్లే ప్రతి వైరూ ముందు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క కింది వంపు దగ్గరే రాలిపోతుంది. రిలే బోర్డు తొట్టి పైన గానీ, కింద మూసిన చెక్క అరలో గానీ ఉండకూడదు. ఉప్పు తేమకి రాగి గీతలు నెలల్లోనే పచ్చబడతాయి. ఇంటి కరెంటు వైర్లు, 5 వోల్టుల వైర్లు ఒకే పెట్టెలో ఉంటే మధ్యలో అడ్డు ఉండాలి. ఇంటి కరెంటు వైరింగ్ తెలియనివాళ్లు ఆ భాగాన్ని తెలిసినవాళ్లతో చేయించుకోవాలి, లేదా రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్గులని తమ కంట్రోలర్‌తో నడిపించుకోవాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

బోర్డు ఏది ఎంచుకున్నా పెద్ద తేడా రాదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే రీఫ్-పై లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు గ్రాఫులు, డోసింగ్, ఫోన్ స్క్రీను అన్నీ ఇస్తాయి. కాకపోతే హఠాత్తుగా కరెంటు పోతే పై లోని మెమరీ కార్డు పాడయ్యే అవకాశం ఉంది. ఈఎస్‌పీ32 క్షణాల్లో లేచి కూర్చుంటుంది. ఏదైనా సరే, నిర్ణయాలు బోర్డులోనే జరగాలి. వైఫై పోతే గ్రాఫు ఆగాలి గానీ హీటరు ఆగకూడదు. వైఫై కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రాం లూప్‌లో ఇరుక్కుపోవడం కూడా తరచూ జరిగే తప్పే. ఫోన్‌కి అలారం పంపడం విషయంలో ఆలోచన తిరగేయాలి. చచ్చిన కంట్రోలర్ తాను చచ్చానని మెసేజ్ పంపలేదు. అందుకని అది పది నిమిషాలకోసారి "బాగానే ఉన్నాను" అని పంపుతుండాలి. ఆ మాట రావడం ఆగిపోతే, వేరే యంత్రం ఏదైనా అలారం కొట్టాలి.

తొట్టికి తగిలించే ముందు అన్నిటినీ ఒక బకెట్ నీళ్ల మీద, హీటరు బదులు ఒక చిన్న బల్బు పెట్టి పరీక్షించాలి. సెన్సర్ వైరు పీకేయాలి. కంట్రోలర్ అడాప్టరు తీసేయాలి. వైఫై రూటర్ ఆపేయాలి. ఫ్లోట్‌ని వేలితో కిందికి నొక్కిపట్టి, గడువు దాటాక పంపు ఆగిందో లేదో చూసి, వెంటనే కరెంటు తీసి పెట్టి, అది మళ్లీ మొదలవుతుందేమో చూడాలి. కోడ్‌లో కావాలని ఒక అంతులేని లూప్ పెట్టి, వాచ్‌డాగ్ లేస్తుందో లేదో చూడాలి. ప్రతిసారీ బల్బు వెలుగుతోందా ఆరిందా అన్నదే చూడవలసింది. స్క్రీన్ మీద ఏముందో కాదు. ఇవన్నీ గంటలో అయిపోయే పరీక్షలు. కోడ్‌లో ఒక్క లైను మార్చినా, కొత్త సెన్సర్ ఒకటి చేర్చినా, ఆ గంట మళ్లీ కేటాయించాలి.